గేమ్ కన్సోల్‌లో టంకం వేసిన వైర్లను దేనితో పట్టి ఉంచాలి? హాట్ గ్లూ, కాప్టన్ టేపు, యూవీ మాస్క్, సిలికోన్ – ఏది ఎవరికి సరిపోతుంది

నింటెండో వారి చేతి గేమ్ యంత్రం గేమ్ బాయ్ అడ్వాన్స్ 2001లో వచ్చినప్పుడు దాని తెరకు సొంత వెలుతురు లేదు. కిటికీ పక్కనో దీపం కిందో కూర్చుని ఆడాల్సి వచ్చేది. అందుకే ఇప్పటికీ ఆ యంత్రానికి ఎక్కువ మంది చేసే మార్పు పాత తెర తీసేసి, వెనుక నుంచి వెలుగు వచ్చే ఐపీఎస్ తెర అమర్చడం. తెర మార్చడానికి చాలా కిట్లలో టంకం అక్కర్లేదు. అయితే వెలుగు ఎంత ఉండాలో బటన్లతోనే మార్చుకోవాలంటే ఎల్, ఆర్, సెలెక్ట్ బటన్ల టెస్ట్ పాయింట్ల (పరీక్ష కోసం బోర్డు మీద వదిలిన చిన్న రాగి చుక్కల) నుంచి తెర కిట్‌కు మూడు సన్నని వైర్లు లాగాలి. చిన్న పనే. డొప్ప మూయకముందు పరీక్షిస్తే అంతా చక్కగా పనిచేస్తుంది. కొన్ని వారాలు సంచీలో తిరిగాక ఒక బటన్ స్పందించడం మానేస్తుంది. విప్పి చూస్తే టంకం చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని కింది రాగి ప్యాడే, అంటే టంకం పట్టే చిన్న రాగి బిళ్లే, బోర్డు నుంచి ఊడి, వైరుతో పాటు పైకి లేచి ఉంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఏ జిగురు వాడాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది. బోర్డు మీది రాగి పొర మందం సాధారణంగా 35 మైక్రాన్లు. దాన్ని ఫైబర్ గ్లాసుకు పట్టి ఉంచేది కింద ఉన్న రెసిన్. సోల్డరింగ్ ఐరన్ వేడి తగిలిన ప్రతిసారీ ఆ పట్టు కొంచెం సడలుతుంది. అంత చిన్న ప్యాడ్ మీద నిలబడిన వైరు చివరను ఎవరైనా కాస్త పక్కకు నెట్టినా ఆ బలమంతా ప్యాడ్ అంచు మీదే పడుతుంది. ఒంటి తీగ వైరుకు ఇంకో బలహీనత ఉంది. టంకం ముగిసి ఒట్టి తీగ మొదలయ్యే చోట అది పదేపదే వంగితే, ఆ ఒక్క బిందువు దగ్గరే అలసి తెగుతుంది.

కాబట్టి మనం పట్టి ఉంచాల్సింది అతుకును కాదు, అతుకు దాటాక ఉన్న వైరును. తొడుగు మొదలైన చోటి నుంచి 5 నుంచి 10 మిల్లీమీటర్ల లోపల వైరును బోర్డుకు అంటించేస్తే, ఆ తర్వాత దాన్ని ఎంత కదిపినా ఆ కదలిక ప్యాడ్ దాకా రాదు. అతుకుకూ అంటించిన చోటుకూ మధ్య వైరు బిగుసుకుపోకుండా కొద్దిగా వదులుగా ఉండాలి. కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఈ దృష్టితోనే చూడండి.

ఏ ప్రాతిపదికన ఎంచుకోవాలి

నా దృష్టిలో అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న: రేపు దీన్ని తీయగలమా? పాత కన్సోల్ ఒకసారి విప్పి మూసేస్తే అయిపోయే వస్తువు కాదు. కెపాసిటర్లు కారతాయి, స్విచ్‌లు అరుగుతాయి, ఇప్పుడు అమర్చిన కిట్ కంటే మెరుగైనది ఇంకో ఐదేళ్లకు వస్తుంది. అప్పుడు విప్పేది మీరే కావచ్చు, మీ దగ్గర కొన్నవారు కావచ్చు. 1980, 90ల నాటి ఆంప్లిఫయర్లు, రేడియోలు బాగుచేసేవాళ్లను అడిగితే ఒక సంగతి చెబుతారు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీల్లో పెద్ద కెపాసిటర్లను పట్టి ఉంచడానికి వాడిన లేత పసుపు జిగురు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు మారి, విద్యుత్తును కొంత ప్రవహింపనిచ్చి, పక్కనున్న భాగాల కాళ్లను తినేసేది. పట్టు బాగుందని ఎంచుకున్న జిగురే చివరికి యంత్రాన్ని పాడుచేసింది. వైరు ఇవాళ కదలకుండా ఉంటే చాలదు, ఆ జిగురు ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో కూడా ఇప్పుడే ఆలోచించాలి.

రెండోది మందం. చేతిలో పట్టుకుని ఆడే యంత్రాల్లో బోర్డుకూ డొప్పకూ మధ్య చోటు చాలా తక్కువ. జిగురు బొట్టు కొంచెం లావైనా డొప్ప పూర్తిగా మూసుకోదు. మరలతో బలవంతంగా బిగిస్తే ఆ ఒత్తిడి తెర మీదో బోర్డు మీదో పడుతుంది.

మూడోది వేడి. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో పెద్దగా వేడి పుట్టదు. హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ), ఫ్యాన్ ఉన్న పెద్ద కన్సోళ్ల సంగతి వేరు. యంత్రం తానుగా పుట్టించే వేడితో పాటు మన వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే.

నాలుగోది రసాయన ప్రభావం. ఆ పదార్థం రాగిని తింటుందా, ప్లాస్టిక్‌ను కరిగిస్తుందా, ఆవిరై బటన్ల మీద చేరుతుందా అన్నది చూడాలి. ఐదోది, ఆ వైరు ఎప్పటికీ ఒకేచోట ఉండేదా లేక రెండు కదిలే భాగాల మధ్య వేలాడేదా అన్నది. ధరను నేను ఈ జాబితాలో చేర్చలేదు. వీటిలో ఏదీ కన్సోల్ ధర ముందు లెక్కలోకి రాదు.

జిగురు కంటే ముందు రెండు సంగతులు

వైరు ఎంపిక సరిగా లేకపోతే ఏ జిగురూ కాపాడలేదు. బోర్డు మీద నిశ్చలంగా ఉండే సంకేతాలకు 30 గేజి వైర్ రాప్ వైరు మంచిది. లోపలి తీగ పావు మిల్లీమీటరు, తొడుగు పలుచన, ఐరన్ తగిలినా పీవీసీ తొడుగులా ముడుచుకుపోదు. ఇంకా ఇరుకైన చోట ఎనామెల్ పూసిన సన్నని రాగి తీగ వాడాలి. కదిలే చోట మాత్రం ఒంటి తీగ వద్దు, చాలా పోగులు కలిపిన మెత్తని వైరు కావాలి.

రెండోది ఫ్లక్స్, అంటే టంకం బాగా పట్టడానికి వాడే పదార్థం. టంకం వేశాక బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ జిడ్డు మీద ఏ జిగురూ నిలవదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత కన్సోల్‌ను ఆన్ చేసి పరీక్షించండి. అంటించడం సాధారణంగా పరీక్ష తర్వాతే.

ఒక్క చూపులో

| పద్ధతి | తిరిగి తీయడం | మందం | వేడికి ఓర్పు | ఎక్కడ బాగుంటుంది |
|---|---|---|---|---|
| హాట్ గ్లూ | ఆల్కహాల్‌తో తేలిక | ఎక్కువ | తక్కువ | చోటున్న పెద్ద కన్సోళ్లు |
| కాప్టన్ టేపు | చాలా తేలిక | చాలా తక్కువ | చాలా ఎక్కువ | వైరు దారి పొడవునా, లోహపు షీల్డుల కింద |
| యూవీ సోల్డర్ మాస్క్ | గీకాలి, ఓపిక కావాలి | చాలా తక్కువ | ఎక్కువ | సన్నని తీగలు, చిప్ కాళ్ల దగ్గర |
| న్యూట్రల్ సిలికోన్ | చేత్తో ఒలవొచ్చు | మధ్యస్థం | ఎక్కువ | కదిలే, అదిరే చోట్లు |
| సూపర్ గ్లూ | కష్టం | తక్కువ | తక్కువ | వైర్లకు వద్దు |
| ఎపాక్సీ | దాదాపు అసాధ్యం | మధ్యస్థం | మధ్యస్థం | సాకెట్లను డొప్పకు బిగించడానికి మాత్రమే |

హాట్ గ్లూ

దీని మీద విమర్శలు చాలా ఉన్నాయి. వాటిలో సగం జిగురు లోపాలు కావు, పోసిన తీరు లోపాలు. బోర్డు నిండా జిగురు గుట్టలు పోసిన ఫొటోలు చూసి, అది పనిరానివాళ్ల పద్ధతి అనుకుంటారు. కానీ టీవీలు, పవర్ సప్లైలు తయారుచేసే కంపెనీలు కూడా కనెక్టర్లు, కెపాసిటర్లు కదలకుండా ఇలాంటి వేడి జిగురే వాడతాయి.

దీని అసలు గొప్పతనం తీయడంలో ఉంది. ఆరిన జిగురు అంచు దగ్గర రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి నిమిషం ఆగితే, అది జిగురుకూ బోర్డుకూ మధ్యలోకి పాకి పట్టు విడిపిస్తుంది. పట్టకారుతో లేపితే ముద్ద మొత్తం ఒకే ముక్కగా, మచ్చ మిగల్చకుండా వచ్చేస్తుంది. బోర్డుకు గానీ డొప్పకు గానీ హాని జరగదు. ఈ పోలికలో ఇంత శుభ్రంగా వెనక్కి తీసుకోగల జిగురు మరొకటి లేదు. ఆల్కహాల్ లేకుండా బలంగా పీకితే మాత్రం ప్యాడ్లు దానితోనే వస్తాయి. హాట్ గ్లూకు వచ్చిన చెడ్డపేరులో పెద్ద వాటా ఇలా పీకినవాళ్లదే.

లోపాలూ నిజమైనవే. మామూలు కడ్డీలు 80 డిగ్రీల దగ్గర్లో మెత్తబడటం మొదలుపెడతాయి. లాగుడు మీద ఉన్న వైరు అంతకంటే తక్కువ వేడిలోనే మెల్లగా జారగలదు. కాబట్టి హీట్‌సింక్ పక్కన, వోల్టేజి రెగ్యులేటర్ పక్కన దీన్ని వాడకూడదు. బాగా చలిలో పెళుసెక్కి, ఒక్క దెబ్బకు బోర్డు నుంచి విడిపోతుంది. అమెరికాలోనో కెనడాలోనో ఉంటూ, చలికాలంలో వేడి లేని గరాజ్‌లో కన్సోళ్లు దాచేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. మందం సమస్య చెప్పనే అక్కర్లేదు.

వేడి జిగురు టంకాన్ని కరిగిస్తుందేమోనని కొందరు భయపడతారు. 63/37 టంకం (63 శాతం తగరం, 37 శాతం సీసం) 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎక్కువ వేడి గన్ నుంచి వచ్చే జిగురు దాదాపు ఆ స్థాయిలోనే ఉన్నా, బోర్డును తాకగానే చల్లబడుతుంది. అయినా అతుకు మీద పోయాల్సిన అవసరమే లేదు కదా. 7 మిల్లీమీటర్ల కడ్డీ పట్టే చిన్న గన్ తీసుకోండి. 11 మిల్లీమీటర్ల గన్ ఒక్క నొక్కుకు పోసే జిగురు ఈ పనికి మరీ ఎక్కువ. బఠాణీ గింజలో సగం పరిమాణం చాలు.

కాప్టన్ టేపు

డ్యూపాంట్ తయారుచేసిన పాలీఇమైడ్ పొరకు కాప్టన్ అన్నది వ్యాపార నామం. చంద్రుడి మీద దిగిన అపోలో ల్యాండర్ కింది భాగానికి చుట్టిన బంగారు రంగు పొరలో ఉన్నదీ ఇదే పదార్థం. ఈ పొర 400 డిగ్రీల దాకా వేడిని ఓర్చుకుంటుంది. దాని మీది సిలికోన్ జిగురు కూడా 260 డిగ్రీల దాకా నిలుస్తుంది. అంటే కన్సోల్‌లో ఎక్కడ వేసినా వేడి గురించి ఆలోచించనక్కర్లేదు. మందం మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువ. విద్యుత్తును అడ్డుకుంటుంది. పీకితే వచ్చేస్తుంది.

ఇన్ని మంచి గుణాలున్నా ఇది ఒక్కటే సరిపోతుందని అనలేను. దాని పట్టు బలహీనం. చదునైన, శుభ్రమైన బోర్డు మీద వైరును పక్కకు కదలకుండా చక్కగా ఆపుతుంది. కానీ చిప్‌లు, రెసిస్టర్లు ఎత్తుపల్లాలుగా ఉన్న చోట టేపు అంచులు గాల్లోనే ఉండి మెల్లగా లేస్తాయి. లావు వైరు మీద వేస్తే వైరు తన వంపుతో టేపునే ఎత్తేస్తుంది. కాబట్టి దీన్ని దారి చూపేదిగా, రక్షణ పొరగా వాడుకోండి. లాగుడును మోసే పనిని అతుకు దగ్గర మరొక పదార్థానికి అప్పగించండి.

పొడవైన వైరుకు రెండు మూడు సెంటీమీటర్లకొక చిన్న ముక్క వేయాలి. చుట్ట నుంచి టేపును వేగంగా లాగితే స్థిర విద్యుత్తు పుడుతుంది. నెమ్మదిగా విప్పి, ముక్కలు ముందే కత్తిరించి పెట్టుకోవడం మంచిది. 5 మిల్లీమీటర్ల వెడల్పు చుట్ట ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

యూవీ సోల్డర్ మాస్క్

ఫోన్లు బాగుచేసే దుకాణాల్లో ఆకుపచ్చ సిరంజి ఒకటి చూసి ఉంటారు. బోర్డు మీద తెగిపోయిన ట్రాక్ (సన్నని రాగి దారి) మీదుగా వెంట్రుక లాంటి తీగ వేసి, పైన ఆ ద్రవం పూసి, ఊదా రంగు టార్చి వెలుగు చూపిస్తారు. చూస్తుండగానే గట్టిపడుతుంది. అదే ఇది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. సాధారణంగా 365 నుంచి 405 నానోమీటర్ల మధ్య వెలుగు ఇచ్చే టార్చి కావాలి. 395 అని రాసి ఉన్నవి ఎక్కువగా దొరుకుతాయి.

సన్నని తీగల పనిలో దీనికి సాటి లేదు. గట్టిపడ్డాక తీగ బోర్డులో భాగమైపోయినట్టు ఉంటుంది. మందం ఉండదు, తొడుగు ఊడిన చోట విద్యుత్ రక్షణ కూడా ఇస్తుంది. పైన నేను అతుకు మీద ఏమీ వేయొద్దన్నాను. దానికి మినహాయింపు ఇదొక్కటే. చిప్ కాళ్ల మీద నేరుగా టంకం వేసిన సన్నని తీగకు, ఆ అతుకుతో సహా పలుచని మాస్క్ పొర వేయడం సరైన పనే. అంత చిన్న చోట తీగను వేరుగా పట్టుకునే జాగా ఉండదు.

ఎక్కువ మంది దెబ్బతినేది ఒక్క విషయంలో: ఒకేసారి లావుగా పూస్తారు. రంగు ఉన్న ద్రవం కాబట్టి వెలుగు లోపలి దాకా చేరదు. పైపొర గట్టిపడి, కింద పచ్చిగానే మిగులుతుంది. పలుచగా పూసి, వెలుగు చూపించి, అవసరమైతే మళ్ళీ ఇంకో పొర వేయాలి. వైరు నీడ పడే వైపు టార్చిని వంచి చూపించాలి. లావు వైరుకు దీన్ని అసలు వాడకండి. ఆ బలాన్ని మోసేంత మందంలో ఇది గట్టిపడదు.

గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది కాబట్టి వంగే చోట, ముఖ్యంగా తెర నుంచి వచ్చే పలుచని రిబ్బన్ మీద, వేయకూడదు. పగులు వస్తే ఆ పగులు కింది ట్రాక్‌ను కూడా తెంపగలదు. తీయాలంటే బ్లేడుతో ఓపికగా గీకాలి, లేదా హాట్ ఎయిర్‌తో మెత్తబరిచి గీకాలి. ఆల్కహాల్ దీన్ని ఏమీ చేయదు. పచ్చి ద్రవం చర్మానికి తగిలితే కొందరికి అలర్జీ వస్తుంది, చేతి తొడుగులు వేసుకోండి. టార్చి వెలుగును కంటితో సూటిగా చూడొద్దు.

సిలికోన్

ఇందులో రెండు జాతులున్నాయి, వాటిని కలగలపడం ప్రమాదం. బాత్రూమ్ అంచులకు వాడే మామూలు సిలికోన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, అది రాగిని తింటుంది. ఆ ట్యూబును కన్సోల్ దగ్గరికి రానివ్వకండి. కావలసింది న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద స్పష్టంగా రాసి ఉన్నది, ఎలక్ట్రానిక్స్ కోసం అమ్మేదైతే ఇంకా నయం.

ఆరాక రబ్బరులా మెత్తగా ఉండటం దీని బలం. అదురును మింగుతుంది, వేడికి చలికి చలించదు, బ్లేడు మొనతో అంచు లేపి చేత్తో ఒలిచేయవచ్చు. కానీ పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. ఆ రోజంతా డొప్ప తెరిచే ఉంచాలి. మూసేస్తే సిలికోన్ ఆవిర్లు లోపలి స్విచ్‌ల మీద చేరి, కాంటాక్టుల మధ్య విద్యుత్తును అడ్డుకునే పొర కట్టే ప్రమాదం ఉంది. ఇంకో చిక్కు: ఒలిచాక మిగిలే సన్నని జిడ్డు మీద మరే జిగురూ, మాస్కూ అంటదు. రేపు అదే చోట మళ్ళీ టంకం వేయాల్సి ఉంటుందనుకుంటే వేరేది ఎంచుకోండి.

సూపర్ గ్లూ, ఎపాక్సీ

ఇంట్లో ఫెవిక్విక్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి చేయి మొదట దాని మీదికే వెళ్తుంది. వైర్లకు మాత్రం వద్దు. నీళ్లలా పలుచగా ఉండి, సన్నని సందుల్లోకి తనంతట తాను పాకుతుంది. స్లైడ్ స్విచ్‌లోకో కనెక్టర్‌లోకో పాకిందంటే ఆ భాగం పోయినట్టే. ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పక్కన తెల్లని పొగమంచులా అంటుకుంటుంది, తెర అద్దం మీద అది కనిపిస్తే చాలా బాధ. లాగుడును కొంత ఓర్చుకున్నా, దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. తీయడానికి ఎసిటోన్ కావాలి. ఎసిటోన్ కన్సోల్ డొప్పల ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. దాని మీద మళ్ళీ ఐరన్ పెడితే కళ్లను, గొంతును మండించే పొగ వస్తుంది.

అరాల్డైట్ వంటి రెండు ట్యూబుల ఎపాక్సీని కూడా వైర్లకు నేను సిఫారసు చేయను. అది ఒకసారి బోర్డుకు పట్టిందంటే బోర్డును గాయపరచకుండా తీయడం దాదాపు కుదరదు. దానికి తగిన స్థానం వేరే ఉంది. పాత యంత్రానికి యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ సాకెట్ అమరుస్తున్నారనుకోండి. కేబుల్ పెట్టి తీసే ప్రతిసారీ ఆ సాకెట్ మీద నిజమైన బలం పడుతుంది. ఆ సాకెట్ బోర్డును డొప్పకు ఎపాక్సీతో బిగించడం సరైన నిర్ణయం. సాకెట్ నుంచి వెళ్లే వైర్లను మాత్రం తీయగలిగే పద్ధతిలోనే పట్టి ఉంచండి.

నల్లటి పీవీసీ ఎలక్ట్రికల్ టేపు మన వేసవుల్లో జిగురు కారి జారిపోతుంది. గోళ్ల రంగు విద్యుత్ రక్షణ కొంత ఇస్తుంది గానీ పట్టు ఉండదు. కిట్‌తో వచ్చే చిన్న బోర్డును నిలపడానికి రెండు వైపులా అంటే ఫోమ్ టేపు బాగుంటుంది, వైర్లకు కాదు.

మీ యంత్రం, మీ పని

గేమ్ బాయ్ అడ్వాన్స్ లాంటి చేతి యంత్రమైతే నా సలహా కాప్టన్, యూవీ మాస్క్ జంట. బటన్ వైర్లకు 30 గేజి లేదా ఎనామెల్ తీగ తీసుకోండి. టెస్ట్ పాయింట్ దాటగానే ఒక పలుచని మాస్క్ చుక్క, ఆపై దారి పొడవునా కాప్టన్ ముక్కలు. దారి ఎంచుకునేటప్పుడు మరలు దిగే స్తంభాలను, బటన్ రబ్బరు కింద ఉండే నల్లని కార్బన్ ప్యాడ్లను తప్పించాలి. కార్బన్ ప్యాడ్ మీద మాస్క్ పడితే ఆ బటన్ పనిచేయదు. మాస్క్, టార్చి కొనే ఉద్దేశం లేకపోతే ఒట్టి కాప్టన్‌తో కూడా సరిపెట్టుకోవచ్చు, ఈ వైర్లు తేలికైనవే. హాట్ గ్లూ మాత్రం ఇక్కడ వద్దు.

సెగా మెగా డ్రైవ్ పని దీనికి పూర్తిగా వేరు. పాల్ అనే టీవీ ప్రమాణం వాడిన దేశాల మెగా డ్రైవ్ 50 హెర్ట్జ్ మీద, అంటే సెకనుకు 50 సార్లు తెర మారేలా, నడుస్తుంది. 60 హెర్ట్జ్ కోసం రాసిన చాలా ఆటలు అందులో దాదాపు ఆరో వంతు నెమ్మదిగా సాగుతాయి. అందుకే 50/60 హెర్ట్జ్ స్విచ్ అమర్చుకుంటారు. లోపల చోటుకు కొరత లేదు. ఇక్కడి అసలు సమస్య, వైరు ఒక చివర బోర్డు మీద, ఇంకో చివర డొప్పకు బిగించిన స్విచ్ మీద ఉండటం. డొప్ప ఎత్తిన ప్రతిసారీ వైర్లు లాగబడతాయి. స్విచ్‌ను పై డొప్పకు కాకుండా, బోర్డు కూర్చునే కింది డొప్పకే అమర్చితే సగం సమస్య తీరిపోతుంది. మిగిలిన సగానికి పోగుల వైరు, మధ్యలో ఊడదీయగలిగే చిన్న కనెక్టర్, బోర్డు వైపు హాట్ గ్లూ చుక్క. ఈ పనిలో హాట్ గ్లూ కంటే మెరుగైనది నాకు కనిపించలేదు.

1996లో వచ్చిన నింటెండో 64లో ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడిగా పంపే వీడియో) మార్పు చేసేవారి కష్టం మరోలా ఉంటుంది. మొదటి తరాల ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల టీవీ ప్రమాణం) బోర్డుల్లో వీడియో చిప్ ఆర్‌జీబీ సంకేతాలు ఇస్తుంది గానీ అవి వెనుక సాకెట్ దాకా రావు. చిప్ కాళ్ల నుంచి చిన్న ఆంప్లిఫయర్ బోర్డుకు, అక్కడి నుంచి సాకెట్‌కు వైర్లు లాగాలి. కాళ్లు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. పైన లోహపు షీల్డు మూసుకుంటుంది. కాళ్ల దగ్గర యూవీ మాస్క్, షీల్డు అంచు దాటే చోట వైర్ల కిందా మీదా కాప్టన్ – రెండూ తప్పనిసరి. లోహపు అంచు వైరు తొడుగును కోసిందంటే వీడియో సంకేతం గ్రౌండ్‌కు తగిలి షార్ట్ అవుతుంది. షీల్డు కింద హాట్ గ్లూ వేస్తే అది షీల్డును పైకి ఎత్తుతుంది. ఆ లోహపు పలకలే చిప్‌ల వేడిని లాగేవి కాబట్టి, వాటి మధ్య సందు ఏర్పడితే చల్లబడటం దెబ్బతింటుంది.

వైబ్రేషన్ మోటార్లు ఉన్న కంట్రోలర్లలో బ్యాటరీ వైర్లు, మోటార్ వైర్లు నిరంతరం అదురుతుంటాయి. అక్కడ న్యూట్రల్ సిలికోన్ వాడండి, ఒక రోజు ఆగండి. పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 వంటి వేడి యంత్రాల్లో హీట్‌సింక్ దరిదాపుల్లో కాప్టన్, మాస్క్ తప్ప మరేదీ వద్దు.

ఇదే మొదటిసారి అయితే, ఏ కన్సోల్ అయినా సరే, తీయగలిగేవే కొనండి: కాప్టన్ చుట్ట ఒకటి, చిన్న గ్లూ గన్ ఒకటి. మొదటి ప్రయత్నంలో వైరు దారి మార్చాలనిపించడం సహజం. డబ్బు తీసుకుని ఇతరుల యంత్రాలకు ఈ పని చేసేవారైతే బాధ్యత ఇంకా ఎక్కువ. మూసే ముందు వైర్ల ఫొటో తీసి యజమానికి పంపండి, ఏ జిగురు వాడారో కూడా రాసివ్వండి. పరిశ్రమలో బోర్డుల నాణ్యత చూడటానికి వాడే ఐపీసీ-ఏ-610 ప్రమాణంలో జంపర్ వైర్లకు ప్రత్యేక విభాగమే ఉంది. ఒక వైరును బోర్డు మీద ఎలా నడిపించాలి, ఎలా నిలపాలి అన్నది అంత పట్టింపు ఉన్న విషయం.

ఎవరో అంటించినది మీ చేతికి వస్తే

పాతవి కొనేవారికి ఇది తరచూ ఎదురవుతుంది. ముందు ఏ పదార్థమో గుర్తించండి. గోరు నొక్కితే గుంట పడి, పాలలాంటి తెలుపులో ఉంటే అది హాట్ గ్లూ. ఆల్కహాల్ వేసి ఆగండి. రబ్బరులా వెనక్కి తన్నితే సిలికోన్. అంచు నుంచి ఒలవండి. గాజులా గట్టిగా, పారదర్శకంగానో లేత పసుపుగానో ఉంటే ఎపాక్సీ కావచ్చు. అది పట్టి ఉంచిన వైరు పనిచేస్తున్నంత కాలం దాన్ని ముట్టుకోకపోవడమే నయం. వైరు మార్చక తప్పకపోతే, జిగురుకు బయట వైరును కత్తిరించి ఆ తోక నుంచే కొత్త వైరును కలిపి, పైన హీట్ ష్రింక్ గొట్టం వేయండి.

తీసేటప్పుడు ప్యాడ్ లేచిపోతే కంగారు పడి దాన్ని మళ్ళీ బోర్డుకు అంటించే ప్రయత్నం చేయకండి. ఆ ప్యాడ్ నుంచి బయల్దేరిన సన్నని రాగి ట్రాక్‌ను కంటితో అనుసరించండి. అది దగ్గర్లోనే ఒక వయా (బోర్డు పొరలను కలిపే చిన్న రాగి రంధ్రం) దగ్గరికో, రెసిస్టర్ చివరికో, చిప్ కాలికో చేరుతుంది. మల్టీమీటర్ బీప్ పెట్టి రెండూ ఒకటేనని నిర్ధారించుకుని, కొత్త తీగను అక్కడ కలపండి. వయా మీద మాస్క్ పొర ఉంటే బ్లేడు మొనతో రాగి మెరిసేదాకా గీకి, కాస్త ఫ్లక్స్ రాసి, టంకం పట్టించాలి. ఈసారి మాత్రం వరుస మార్చి, తీగను బోర్డుకు అంటించాక దాని చివర టంకం వేయండి. తీగ ముందే కదలకుండా ఉంటే ఆ చిన్న వయా మీద ఐరన్ ఒక్క క్షణం ఆనిస్తే చాలు.